చెయ్యి చేయాల్సిన పని మాత్ర చేయదు

(డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినగానే మనవాళ్ళకు ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, బోదకాలు మందు గుర్తొస్తాయి. చిగుళ్ళ వైద్యం చేసే నాలాంటి వాళ్ళకు ఇంకొకటి కూడా గుర్తొస్తుంది. అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో లెడర్లీ ప్రయోగశాలలు ఉండేవి. సుబ్బారావు గారు అక్కడ పరిశోధనలన్నిటికీ పెద్దగా ఉన్న కాలంలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ సంస్థలో పనిచేశారు. విశ్వవిద్యాలయం నుంచి రిటైరై, డెబ్భై దాటాక చేరిన మనిషి. రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించుకుని, ఆ మట్టిలో బతికే సూక్ష్మజీవులు బాక్టీరియాను చంపే పదార్థం ఏదైనా తయారుచేస్తున్నాయా అని వెతకడం ఆయన పని. మిస్సోరి విశ్వవిద్యాలయపు పాత ప్రయోగ క్షేత్రం శాన్‌బర్న్ ఫీల్డ్ నుంచి 1945లో వచ్చిన మట్టిలో బంగారు రంగు జీవి ఒకటి దొరికింది. అది తయారుచేసే మందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే పెద్దకొడుకు. 1948లో అది వైద్యుల చేతికొచ్చింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఆ కుటుంబంలో తర్వాత పుట్టిన డాక్సీసైక్లిన్‌ను చిగుళ్ళ జబ్బుకు ఇవాళ్టికీ రాస్తున్నాం. కాబట్టి ఆయన స్మృతిలో చిగుళ్ళ గురించి మాట్లాడటం నాకు సహజంగానే తోచింది. ఆయన ఘనతను పొగిడి కూర్చుంటే మాత్రం సగం మాటే చెప్పినట్టవుతుంది. ఆ మందులు మన చేతుల్లో ఏమయ్యాయో కూడా చెప్పాలి.

ముందు జబ్బు సంగతి. పంటికీ చిగురుకీ మధ్య సన్నని సందు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని లోతు మూడు మిల్లీమీటర్లు దాటదు. పంటి మీద పేరుకునే పాచిని తీయకుండా వదిలేస్తే చిగురు వాచి, తాకితే నెత్తురు వస్తుంది. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లో, ఆయన సహచరులు 1965లో దీన్ని తిరుగులేకుండా చూపించారు. చిగుళ్ళు బాగున్న 12 మందిని పళ్ళు తోముకోవడం మానేయమన్నారు. మూడు వారాలు తిరిగేసరికి అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టగానే వారం పదిరోజుల్లో వాపు పోయింది. ఆ మనుషులకు ఒక్క మాత్ర కూడా ఇవ్వలేదు. ఈ ఒక్క విషయం మన ఇళ్ళలో అందరికీ తెలిసి ఉంటే ఇవాళ ఈ ఉపన్యాసంలో సగం అక్కర్లేకపోయేది.

అక్కడితో ఆగకపోతే కొందరిలో వాపు లోపలికి దిగుతుంది. సందు పాకెట్‌గా మారుతుంది. పంటిని పట్టుకుని ఉన్న ఎముక కరిగిపోతుంది. కొందరిలో అని ఎందుకన్నానంటే, అదే హెరాల్డ్ లో బృందం శ్రీలంక తేయాకు తోటల కూలీలను 480 మందిని 1970 నుంచి ఏళ్ళ తరబడి గమనించింది. వాళ్ళకు దంతవైద్యం లేదు, బ్రష్షు అలవాటు లేదు. అందరి నోళ్ళలోనూ పాచి, గార నిండా ఉన్నాయి. అయినా నూటికి 8 మందిలో జబ్బు చాలా వేగంగా ముదిరింది, 81 మందిలో నెమ్మదిగా నడిచింది, 11 మందిలో చిగుళ్ళ వాపు దాటి ముందుకు పోనేలేదు. బాక్టీరియా లేకుండా ఈ జబ్బు రాదు. కానీ ఎముకను కరిగించేది చాలావరకు ఆ బాక్టీరియా మీద మన ఒళ్ళు చేసే యుద్ధమే. షుగరు అదుపులో లేనివాళ్ళకు, పొగతాగేవాళ్ళకు ఆ యుద్ధం గతి తప్పుతుంది. పొగతాగేవాళ్ళ విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. వాళ్ళ చిగుళ్ళు తక్కువగా నెత్తురు కారుస్తాయి కాబట్టి లోపల ఎముక పోతున్నా పైకి ఏమీ తెలియదు.

ఇక ఆ పాచి ఎలాంటిదో చెప్పాలి. ఇక్కడ 17వ శతాబ్దపు బట్టల వ్యాపారి ఒకరిని తలుచుకోకుండా ముందుకు పోలేను. హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ తన పళ్ళ సందుల్లోంచి తెల్లటి పదార్థం తీసి, తను అరగదీసి చేసుకున్న కటకం కింద పెట్టి చూశారు. అందులో లెక్కలేనన్ని చిన్న ప్రాణులు ఈదుతూ కనిపించాయి. 1683లో లండన్ రాయల్ సొసైటీకి ఆ సంగతి ఉత్తరం రాశారు. నాకు ఆ ఉత్తరంలో అన్నిటికన్నా అపురూపంగా కనిపించేది వెనిగర్ ప్రయోగం. ఆయన ఘాటైన వెనిగర్ నోట్లో పోసుకుని పుక్కిలించారు. తర్వాత పళ్ళ సందుల్లోంచి పదార్థం తీసి చూస్తే ఆ ప్రాణులు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. అదే పదార్థాన్ని బయటికి తీసి, లాలాజలంలో కలిపి, వెనిగర్ చుక్క వేస్తే అక్కడికక్కడే చచ్చాయి. వెనిగర్ పై పొరలోని ప్రాణులనే చంపిందని, పళ్ళకు గట్టిగా అంటుకున్న పదార్థం లోపలికి దిగలేదని ఆయన తేల్చారు. యాంటీబయాటిక్ అనే ఊహ కూడా లేని రోజుల్లో, ఈ జబ్బు వైద్యంలోని అసలు చిక్కును ఆయన కళ్ళతో చూసి రాసిపెట్టారు.

ఆ పదార్థాన్ని ఇవాళ బయోఫిల్మ్ అంటున్నాం. చెరువు మెట్ల మీద పట్టిన పాచి ఎన్ని బిందెల నీళ్ళు గుమ్మరించినా పోదు, రాయితోనో చీపురుతోనో రుద్దాల్సిందే. పంటి పాచి కూడా అలాంటిదే. వందల జాతుల బాక్టీరియా తాము తయారుచేసిన జిగురులో పొరలు పొరలుగా కూరుకుని ఉంటాయి. లోపలి పొరల్లో ఉన్నవి దాదాపు నిద్రలో ఉన్నట్టు నెమ్మదిగా బతుకుతాయి. చాలా యాంటీబయాటిక్‌లు చురుగ్గా పెరిగే బాక్టీరియా మీదే పనిచేస్తాయి కాబట్టి నిద్రపోతున్నవి తప్పించుకుంటాయి. విడిగా ఈదులాడే బాక్టీరియాను చంపే మోతాదు కంటే బయోఫిల్మ్‌లో ఉన్నవాటికి వంద రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు ఎక్కువ కావాల్సి వస్తుంది. మాత్ర మింగితే అంత మందు పాకెట్‌లోకి ఎప్పటికీ చేరదు. అందుకే స్కేలింగ్, రూట్ ప్లేనింగ్ అనే లోతైన క్లీనింగ్ చేయకుండా యాంటీబయాటిక్ మాత్రమే ఇస్తే వాపు నాలుగు రోజులు తగ్గినట్టుంటుంది, ఆ తర్వాత యథాప్రకారం తిరిగొస్తుంది. రోగి ఈసారి ఇంకా ఘాటైన మందు అడుగుతాడు.

మరి యాంటీబయాటిక్ వాడే అలవాటు ఈ వైద్యంలోకి ఎలా వచ్చింది? దానికొక ముచ్చటైన చరిత్ర ఉంది. మెట్రోనిడజోల్ మొదట్లో స్త్రీలకు ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బుకు తయారైన మందు. ఇంగ్లండ్‌లో ఆ మందు వాడుతున్న ఒకామె, దానితో పాటు తన చిగుళ్ళ బాధ కూడా పోయిందని డాక్టరుకు చెప్పింది. షిన్ అనే ఆ వైద్యుడు ఆమె మాటను తేలిగ్గా తీసుకోలేదు. చిగుళ్ళు కుళ్ళి, నెత్తురు కారి, నోరు తెరిస్తే భరించలేని వాసన వచ్చే తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్ళకు ఇచ్చి చూసి, 1962లో లాన్సెట్ పత్రికలో రాశారు. గాలి తగలని చోట బతికే బాక్టీరియా మీద ఈ మందు పనిచేస్తుందని లోకానికి తెలిసింది ఆ దారినే. ఇవాళ పేగుల ఆపరేషన్లలోనూ, పొత్తికడుపు ఇన్ఫెక్షన్లలోనూ ప్రాణాలు నిలుపుతున్న మందు, ఒక రోగి మాటను చెవిన పెట్టిన వైద్యుడి పుణ్యమా అని మనకు దక్కింది. ఈ మందు పనితీరు కూడా చిత్రమే. ఆక్సిజన్ లేకుండా బతికే కణంలోకి వెళ్ళాకే అది విషంగా మారి ఆ కణపు డీఎన్ఏను తెంపుతుంది. లోతైన పాకెట్లలో గాలి ఆడదు. 1998లో బోస్టన్‌లోని సిగ్మండ్ సొక్రాన్‌స్కీ బృందం ఎర్ర ముఠాగా గుర్తించిన మూడు బాక్టీరియాలు, పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్, టానరెల్లా ఫోర్సైథియా, ట్రెపోనీమా డెంటికోలా, అన్నీ అలా గాలి పడనివే.

కుర్రవాళ్ళలో ముందుపళ్ళ దగ్గర, తొలి దవడపళ్ళ దగ్గర ఎముక వేగంగా పోయేలా చేసే ఇంకో బాక్టీరియా ఉంది. అది గాలిలోనూ కొంత బతకగలదు కాబట్టి మెట్రోనిడజోల్ ఒక్కటే చాలదు. దానికి అమాక్సిసిలిన్ జతచేసి వాడవచ్చని డచ్ పరిశోధకుడు వాన్ వింకెల్‌హాఫ్ బృందం 1989లో చెప్పింది. అప్పటి నుంచీ ఆ జంట ప్రపంచమంతా పాకింది. ఎంతగా పాకిందంటే, ఎవరికి అవసరమో వాళ్ళను దాటి అందరి చీటీల్లోకీ ఎక్కింది.

అందరికీ ఇస్తే ఎంత మేలు? జర్మనీలో పలు విశ్వవిద్యాలయాలు కలిసి నడిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. రోగులందరికీ లోతైన క్లీనింగ్ చేశారు, మూడు నెలలకోసారి పిలిచి మళ్ళీ శుభ్రం చేశారు. సగం మందికి ఆ రెండు మందులూ, మిగిలిన సగానికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. రెండేళ్ళు దాటాక చూస్తే, జబ్బు ఇంకా ముదిరిన చోట్లు ఉత్తుత్తి మాత్రలు తిన్నవాళ్ళలో నూటికి 7.8, అసలు మందు తిన్నవాళ్ళలో 5.3. తేడా లేదని అనను, ఉంది. కానీ రెండు గుంపుల్లోనూ నూటికి తొంభైకి పైగా చోట్ల జబ్బును ఆపింది క్లీనింగూ, మూడు నెలలకోసారి పిలుపూను. ఈ సాక్ష్యాలన్నీ చూసి యూరప్ చిగుళ్ళ వైద్యుల సమాఖ్య 2020లో మార్గదర్శకాలు రాసింది. చిగుళ్ళ జబ్బుకు యాంటీబయాటిక్ మాత్రలు మామూలుగా వాడవద్దనీ, చిన్నవయసులోనే నోరంతా తీవ్రంగా పాకిన కొద్దిమంది విషయంలో మాత్రం ఆలోచించవచ్చనీ అందులో ఉంది. నా తీర్పూ అదే.

అంత కొద్ది మేలుకు మనం చెల్లిస్తున్న మూల్యం గురించి ఇప్పుడు మాట్లాడాలి. అమెరికాలో 400 మంది చిగుళ్ళ రోగుల పాకెట్ల నుంచి బాక్టీరియాను తీసి పెంచి చూసిన పరిశోధన 2014లో అచ్చయింది. నూటికి 74 మందిలో ఏదో ఒక మందుకు లొంగని బాక్టీరియా కనిపించింది. డాక్సీసైక్లిన్‌కు లొంగనివి 55 శాతం మందిలో, అమాక్సిసిలిన్‌కు 43 శాతం, మెట్రోనిడజోల్‌కు 30 శాతం మందిలో ఉన్నాయి. మెట్రోనిడజోల్, అమాక్సిసిలిన్ రెండింటికీ లొంగని బాక్టీరియా 15 శాతం మందిలో ఉంది. దంతవైద్య విద్యార్థులు ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. మెట్రోనిడజోల్‌కు లొంగనివాటిలో కొన్ని గాలిలో బతకగలవి, వాటికి ఆ మందు పుట్టుకతోనే పట్టదు. ప్రయోగశాల పళ్ళెంలో లొంగనంత మాత్రాన నోట్లో వైద్యం తప్పకుండా విఫలమవుతుందని కూడా కాదు. అంత జాగ్రత్త తీసుకున్నాక కూడా అన్నిటికంటే ముందు ఓడిపోతున్నది టెట్రాసైక్లిన్ కుటుంబమేనని ఒప్పుకోవాలి. సుబ్బారావు గారి ప్రయోగశాలలో మొదలైన కుటుంబం అది.

హాలండ్, స్పెయిన్ దేశాల రోగులను పోల్చిన పరిశోధన 2000లో వచ్చింది. యాంటీబయాటిక్‌లు ఎక్కువగా వాడే స్పెయిన్‌లో చిగుళ్ళ బాక్టీరియా కూడా ఎక్కువ మొండిగా తేలింది. జాతులు అవే, జబ్బు అదే, వాడకం వేరు.

ఈ మొండితనం పాకెట్ దగ్గరే ఆగితే నేనింత ఆందోళన పడను. ప్రెవొటెల్లా అనే బాక్టీరియా బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును బయటికి వదిలి అమాక్సిసిలిన్‌ను ముక్కలు చేస్తుంది. బయోఫిల్మ్‌లో అది తనను తాను కాపాడుకుంటూ పక్కనున్న వేరే జాతులకు కూడా రక్షణ ఇస్తుంది. ఇంకా పెద్ద సంగతి, బాక్టీరియా తమ జన్యువులను పక్కవాటికి ఇచ్చిపుచ్చుకుంటాయి. టెట్రాసైక్లిన్‌ను ఎదిరించే టెట్ఎమ్ అనే జన్యువు ఒక జాతి నుంచి ఇంకో జాతికి గెంతే డీఎన్ఏ తునకల మీద కూర్చుని తిరుగుతుంది. నోట్లో హాని చేయకుండా బతికే స్ట్రెప్టోకోకస్‌ల నుంచి న్యుమోనియా తెచ్చే స్ట్రెప్టోకోకస్‌లోకి పెనిసిలిన్‌ను ఎదిరించే జన్యు భాగాలు చేరాయన్నది రుజువైన విషయం. పంటినొప్పికి మింగిన మాత్ర ఫలితం రేపు ఆ మనిషి ఊపిరితిత్తుల్లోనో, ఆ ఇంట్లో పసిబిడ్డ ఊపిరితిత్తుల్లోనో తేలవచ్చు.

లండన్‌లోని ఈస్ట్‌మన్ డెంటల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2003లో, యాంటీబయాటిక్ వాడకంలో లేని పిల్లల నోళ్ళను పరీక్షించినా టెట్రాసైక్లిన్‌కు లొంగని బాక్టీరియా దొరికింది. వాడని మందుకు మొండితనం ఎక్కడిది? ఒక జవాబు మళ్ళీ లెడర్లీకే తీసుకెళ్తుంది. సుబ్బారావు గారు పోయిన కొద్ది కాలానికే అక్కడి థామస్ జూక్స్, స్టాక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్తలు, ఆరియోమైసిన్ తయారయ్యాక మిగిలిన పిప్పిని కోళ్ళకు పెడితే అవి త్వరగా బరువెక్కుతున్నాయని కనుగొన్నారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతటా కోళ్ళకు, పందులకు, పశువులకు దాణాలో ఈ మందులు పోశారు. దేనికీ జబ్బు లేదు, త్వరగా బరువు పెరగాలన్నదే కోరిక.

ఇంకో జవాబు చాలా పాతది. జర్మనీలోని డాల్హైమ్‌లో మధ్యయుగపు అస్థిపంజరాల పళ్ళ మీది గారలోని డీఎన్ఏను క్రిస్టీనా వారినర్ బృందం విడదీసి చదివి, ఫలితాలను 2014లో అచ్చువేసింది. వెయ్యేళ్ళ నాటి ఆ గారలో ఎర్ర ముఠా బాక్టీరియా డీఎన్ఏ ఉంది, యాంటీబయాటిక్‌లను ఎదిరించే జన్యువులను పోలినవి కూడా ఉన్నాయి. మట్టిలోని జీవులు కోట్ల ఏళ్ళుగా ఈ ఆయుధాలు తయారుచేస్తున్నాయి, వాటి పొరుగువి కవచాలు తయారుచేస్తున్నాయి. కవచాలను మనం పుట్టించలేదు. కవచం ఉన్నవాటినే బతకనిచ్చి మిగిలినవాటిని చంపే పని మాత్రం మనమే, సుమారు 80 ఏళ్ళలోనే, ఇంత పెద్దయెత్తున చేశాం. 2019 ఒక్క ఏడాదిలోనే మందులకు లొంగని బాక్టీరియా నేరుగా పొట్టనపెట్టుకున్నవాళ్ళు ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది అని 2022లో లాన్సెట్ లెక్కగట్టింది.

మన ఊళ్ళ సంగతికి వస్తాను. చిగురు వాచినవాడు ముందు ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాడు, లవంగం పెడతాడు, తర్వాత మందుల షాపుకు వెళ్తాడు. అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ రెండూ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు. అయినా పంటినొప్పి అనగానే రెండు రోజులకు సరిపడా మాత్రలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేస్తారు. పల్లెల్లో ఆర్ఎంపీ డాక్టర్లు ఇచ్చేదీ అదే. ఇది కేవలం వాళ్ళ తప్పని చెప్పి తప్పుకోవడం న్యాయం కాదు. చదువుకున్న దంతవైద్యులం మనమే, క్లీనింగుకు అరగంట పట్టే చోట చీటీకి అర నిమిషం పడుతుందని, రోగి మళ్ళీ రాడేమోనని, ఎందుకైనా మంచిదని రాస్తున్నాం. ఆ ‘ఎందుకైనా మంచిది’ ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా భయం కలిగించే మాట.

రోగుల వైపు ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది: క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయని. కింద ఎముక కరిగిపోయి ఉంటుంది, దాని స్థానంలో గార గట్టిపడి పళ్ళను కలిపి పట్టుకున్నట్టు ఉంటుంది. ఆ గార తీయగానే పళ్ళ మధ్య సందులు బయటపడతాయి, నాలుక తగిలితే కదిలినట్టు అనిపిస్తుంది. డాక్టరు పరికరం వల్ల పళ్ళు కదిలాయనుకుని రోగి ఇంకెప్పుడూ రాడు, పదిమందికి చెబుతాడు. ఆ పదిమందీ మాత్రల దారి పడతారు. క్లీనింగ్ మొదలుపెట్టే ముందే ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, ఎక్స్‌రే చూపించి ఈ సంగతి చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు. షుగరు ఉన్నవాళ్ళకైతే ఇంకో మంచి కబురు చెప్పవచ్చు. చిగుళ్ళను బాగుచేస్తే మూడు నాలుగు నెలలకు వాళ్ళ హెచ్‌బీఏవన్‌సీ అనే షుగరు పరీక్ష అంకె సగటున 0.43 తగ్గిందని 2022 కాక్రేన్ సమీక్ష తేల్చింది.

యాంటీబయాటిక్ అసలు వద్దని నేను చెప్పడం లేదు. చీముగడ్డతో పాటు జ్వరం ఉన్నా, వాపు దవడ కిందికి గొంతువైపు పాకుతున్నా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయకుండా ఇవ్వాలి. అప్పుడు కూడా చీము బయటికి తీయడం ముఖ్యం, మందు దానికి తోడు. షిన్ చూసినటువంటి కుళ్ళే జబ్బులో జ్వరం వస్తే మెట్రోనిడజోల్ ఇప్పటికీ దివ్యంగా పనిచేస్తుంది. చిన్నవయసులోనే ఎముక పోగొట్టుకుంటున్న కుర్రవాడికి ఆ రెండు మందుల జంట ఇవ్వడానికి నేను వెనకాడను. కాకపోతే పాచి, గార పూర్తిగా తీశాకే, సరైన మోతాదులో, చెప్పినన్ని రోజులూ ఇవ్వాలి. ఆ కుర్రవాడికి అవసరం పడిన రోజున ఆ మందు పనిచేయాలనే మిగతా వాళ్ళందరికీ ఇవ్వవద్దంటున్నాను.

టెట్రాసైక్లిన్ చరిత్రలో ఆశ కలిగించే మలుపు ఒకటి చెప్పి ముగింపుకు వస్తాను. న్యూయార్క్ రాష్ట్రంలోనే స్టోనీ బ్రూక్‌లో లోర్న్ గోలబ్ అనే చిగుళ్ళ శాస్త్రవేత్త 1980లలో, టెట్రాసైక్లిన్ బాక్టీరియాను చంపడమే కాక చిగురులోని కొల్లాజెన్‌ను కరిగించే మన సొంత ఎంజైములను కూడా అణచివేస్తుందని చూపించారు. అందులోంచి పుట్టిందే రోజుకు రెండుసార్లు 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ వాడే పద్ధతి. అమెరికా ప్రభుత్వం 1998లో అనుమతించింది. బాక్టీరియాను చంపే స్థాయికి ఆ మోతాదు చేరదు. అది కూడా క్లీనింగుకు తోడుగానే పనికొస్తుంది. ఒక మందును పూర్తిగా అర్థం చేసుకున్నవాళ్ళు దాన్ని ఎంత పొదుపుగా వాడగలరో గోలబ్ చూపించారు. సుబ్బారావు గారు ఉంటే ఆ పనిని మెచ్చుకునేవారని నా నమ్మకం.

విద్యార్థులకు నా విన్నపం: చీటీ పుస్తకం తీసే ముందు ప్రోబ్ తీయండి. ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు కొలిచి రాసుకోండి. యాంటీబయాటిక్ రాస్తే ఎందుకు రాశారో కేస్ షీటులో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే మందు రాయకండి. మందుల షాపుల వాళ్ళు ఈ సభలో ఉంటే వాళ్ళకు చేతులు జోడించి అడుగుతున్నాను, చిగుళ్ళ వాపు అని వచ్చినవాళ్ళకు ఈ రెండు మందులూ చీటీ లేకుండా ఇవ్వకండి, పంటి డాక్టరు దగ్గరకు పంపండి. మిగిలిన మీకందరికీ చెప్పేది చిన్నదే. రేపు పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు నెత్తురు కనిపిస్తే భయపడి తోమడం మానకండి, ఆ చోటనే ఇంకా జాగ్రత్తగా, మెత్తటి బ్రష్షుతో తోమండి. వారం పదిరోజుల్లో ఆగకపోతే ప్రభుత్వ దంతవైద్యశాలకైనా, మీకు దగ్గరలో ఉన్న పంటి డాక్టరు దగ్గరకైనా వెళ్ళి, మాత్రలు అడగకుండా, స్కేలింగ్ చేయమని అడగండి.